పెల్విక్ ఫ్లోర్ ట్రైనర్ మీద ప్రాజెక్టు: రెజ్యూమేలో పెట్టొచ్చా?

ప్రశ్న: మాది అమలాపురం. చిన్నమ్మాయి కాకినాడలో ఈసీఈ మూడో ఏడాది. కాన్పయ్యాక పెద్దమ్మాయికి ఫిజియోథెరపిస్టు కటి కండరాల వ్యాయామం కోసం పెల్విక్ ఫ్లోర్ ట్రైనర్ అనే ఒక బ్లూటూత్ పరికరం వాడమన్నారు. దాని యాప్ ఆండ్రాయిడ్ ఫోన్లోనే నడుస్తుంది. లినక్స్ ల్యాప్‌టాప్‌లో కూడా నడిపిస్తానని చిన్నది పట్టుబట్టింది. ఇలాంటి వస్తువు గురించి ఇంటర్వ్యూలో చెప్పుకోగలమా? చట్టం ఒప్పుకుంటుందా? దీనివల్ల ఉద్యోగం వస్తుందా?

జవాబు: నిక్షేపంగా చెప్పుకోవచ్చండీ. కాన్పు తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం జారే ఇబ్బంది చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది. ఆ కండరాల బిగింపును ఒత్తిడిగా కొలిచి పంపే సెన్సర్ ఇది. బీపీ మిషన్ మీద ప్రాజెక్టు అయితే మీకీ సందేహమే వచ్చేది కాదు, దీన్నీ అలాగే చూడండి. ఇంటర్వ్యూలో అడిగేదల్లా ‘ఎలా కనుక్కున్నావు’ అనే. కాబట్టి పని వరుసగా జరగాలి.

ముందు ఫోన్ డెవలపర్ ఆప్షన్స్‌లో బ్లూటూత్ హెచ్‌సీఐ స్నూప్ లాగ్ (ఫోన్ బ్లూటూత్‌లో పంపిందీ అందుకున్నదీ రాసుకునే చిట్టా) ఆన్ చేసి, బ్లూటూత్ ఆపి మళ్లీ వేయాలి. అలా వేయకపోతే చాలా ఫోన్లలో లాగ్ మొదలే కాదు. ఇయర్‌బడ్స్, వాచీ ఉంటే తీసేయాలి, వాటి డేటా కూడా అందులో పడుతుంది. పరికరాన్ని శుభ్రం చేసి, యాప్‌కు కలిపి, అరచేతిలో పట్టుకుని 10 సెకన్లు వదులుగా, 5 సెకన్లు గట్టిగా, మళ్లీ వదులుగా ఉంచి, టైము కాగితం మీద రాసుకోవాలి. ఫోన్ తయారుచేసే బగ్ రిపోర్టులోంచి లాగ్ తీసి, ఇలాంటి డేటాను విప్పి చూపే వైర్‌షార్క్ ప్రోగ్రాంలో తెరిచి, నొక్కిన టైముల్లో ఏ బైట్లు మారాయో చూడాలి.

చాలామంది పొరబడేది ఈ బైట్లు చదవడంలోనే. లాగ్‌లో బైట్లు హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా ఉన్న అంకెల్లో కనిపిస్తాయి. 58 02 అని ఉంటే నేరుగా చదివితే 22530 వస్తుంది, అర్థం పర్థం ఉండదు. బ్లూటూత్‌లో సాధారణంగా తక్కువ స్థానపు బైటు (ఒకట్ల వైపుది) ముందొస్తుంది. తిరగేసి 0258గా చదివితే 600. నొక్కేకొద్దీ ఆ అంకె నునుపుగా పెరిగితే దారి సరైనదే.

ల్యాప్‌టాప్‌లో పైథాన్, బ్లూటూత్ పరికరాలతో మాట్లాడే దాని బ్లీక్ లైబ్రరీ సరిపోతాయి. స్కాన్‌లో పరికరం కనబడకపోతే ఫోన్ దాన్ని ఇంకా వదల్లేదేమో ముందు చూడాలి. కనెక్టయినా అంకెలు రాకపోతే నోటిఫికేషన్ (పరికరం తనంతట తాను రీడింగులు పంపడం) ఆన్ కాలేదేమో చూడాలి: దాన్ని ఆన్ చేసే 2902 డిస్క్రిప్టర్‌లో 01 00 పడాలి, బ్లీక్‌లో స్టార్ట్ నోటిఫై ఆ పని చేస్తుంది. అప్పటికీ రాకపోతే పరికరం ‘మొదలెట్టు’ అనే ఆదేశం కోసం ఆగి ఉండొచ్చు. కనెక్టయిన వెంటనే యాప్ పరికరానికి ఏం పంపిందో లాగ్‌లో వెతకాలి.

అంకెలకు అర్థం కావాలంటే పరికరాన్ని చేతి బీపీ మిషన్ పట్టీలో చుట్టి, 20, 40, 60 దగ్గర రీడింగులు రాసుకోవాలి. కచ్చితమైన కొలత కాదు గానీ గ్రాఫ్ ఎటు పోతుందో తెలుస్తుంది.

గట్టిగా చెప్పాల్సినవి రెండు. అర్థం కాని చోట పరికరానికి ఏ బైట్లూ పంపొద్దు. పొరపాటున ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ మొదలైతే పరికరం పనికిరాకుండా పోవచ్చు. కరెంటుతో కండరాన్ని ప్రేరేపించే రకమైతే ఈ ప్రాజెక్టు వదిలేయమనండి. ఇక అక్క రీడింగులు, స్నూప్ లాగ్ నలుగురూ చూసే గిట్‌హబ్ సైటులో పెట్టకూడదు. అరచేతి రీడింగులు పెడితే చాలు.

చట్టం సంగతి: సొంతంగా రాసిన ప్రోగ్రాం మరో ప్రోగ్రాంతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం వేరే చోట సులువుగా దొరకనప్పుడు, దాన్ని రాబట్టుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. కంపెనీ సర్వర్‌లోకి అనుమతి లేకుండా వెళ్తే మాత్రం ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు వర్తిస్తాయి. వైద్య పరికరంగా అమ్మాలంటే 2017 మెడికల్ డివైసెస్ రూల్స్ చూసుకోవాలి.

రెజ్యూమేలో ‘బ్లూటూత్ లో ఎనర్జీ ప్రెజర్ సెన్సర్‌కు లినక్స్ క్లయింట్’ అని రాసి, పరికరం పేరు అడిగితే మామూలుగా చెప్పేయమనండి. విశాఖలో వైద్య పరికరాల తయారీ కేంద్రమైన మెడ్‌టెక్ జోన్‌లోని కంపెనీలకు ఇంటర్న్‌షిప్ దరఖాస్తు ఈ సెలవుల్లోనే పెట్టించండి. ఎంబెడెడ్ వైపు వెళ్తే డిగ్రీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ వారి ఎంబెడెడ్ డిప్లొమా ఉంది, దానికి సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పైచదువుకైతే గేట్‌లో ఈసీతో పాటు 2020 నుంచి బయోమెడికల్ పేపర్ కూడా ఉంది. రెండో ప్రాజెక్టు కావాలంటే భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో వాడే ఆక్సిజన్ మీటర్లలో బ్లూటూత్ ఉన్నది వెతకమనండి, ఇదే పద్ధతి దానికీ పనికొస్తుంది.