టొరంటోనా, కాల్గరీనా? అద్దె ఒక్కటే చూసి ఊరు ఎంచుకోకండి

సెలవులకు గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చే పిల్లలు అడిగేది ఒకటే. "అన్నయ్యా, కెనడా పీఆర్ వచ్చింది. టొరంటో వెళ్ళమంటావా, కాల్గరీ వెళ్ళమంటావా?" పీఆర్ అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి. అడిగేటప్పటికే వాళ్ళ చేతిలో ఒక లెక్క ఉంటోంది. కొందరు అద్దె తక్కువని కాల్గరీ అంటారు, కొందరు మనవాళ్ళు ఎక్కువని టొరంటో అంటారు. రెండు చోట్లా కాపురం చేసినవాణ్ణి. మొదట టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉన్నాం, ఇప్పుడు కాల్గరీలో స్థిరపడ్డాం. నేను చెప్పేది ఇదీ: ముందు భార్యాభర్తలిద్దరి చదువు, అనుభవం పక్కపక్కన పెట్టుకుని, ఆ రెండు పనులూ ఏ ఊళ్ళో దొరుకుతాయో చూడండి. అద్దె సంగతి ఆ తర్వాత. ఉద్యోగం లేకుండా ఆరు నెలలు కూర్చోవాల్సి వస్తే, అద్దెలో మిగిలే ఏడెనిమిది వందల డాలర్లు ఏ మూలకూ రావు.

2021 జనాభా లెక్కల్లో టొరంటో మహానగర ప్రాంతం 62 లక్షలు, కాల్గరీ 15 లక్షల లోపు. అంటే ఉద్యోగాల సంఖ్యే కాదు, రకాలు కూడా టొరంటోలో ఎక్కువ. దేశంలోని పెద్ద బ్యాంకుల ముఖ్య కార్యాలయాలు దాదాపు అన్నీ బే స్ట్రీట్ చుట్టుపక్కలే ఉన్నాయి. మాన్యులైఫ్, సన్ లైఫ్ లాంటి ఇన్సూరెన్స్ కంపెనీలూ అక్కడే. మిస్సిసాగాలో మందుల కంపెనీలు, ఓషవాలో కార్ల ఫ్యాక్టరీ, గంటన్నర దూరంలో వాటర్లూ ఐటీ కంపెనీలు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, డేటా, బిజినెస్ అనలిస్ట్, అకౌంట్స్ పనులు చేసినవాళ్ళకు దారులు అక్కడే ఎక్కువ. అయితే అదే లైన్లో నిలబడేవాళ్ళు కూడా అక్కడే ఎక్కువ. 2025 వేసవిలో టొరంటోలో నిరుద్యోగం 9 శాతం దగ్గర ఉంది, కాల్గరీలో 7 దాటి ఉంది. ఏ ఊరూ తలుపులు తెరుచుకుని కూర్చోలేదని ముందే తెలుసుకుని బయల్దేరడం మంచిది.

కాల్గరీ అంటే ఆయిల్, గ్యాస్. సన్‌కోర్, సెనోవస్, ఇంపీరియల్ ఆయిల్, ఎన్‌బ్రిడ్జ్, టీసీ ఎనర్జీ అన్నిటికీ అదే కేంద్రం. వాటికి డిజైన్ చేసిపెట్టే ఇంజినీరింగ్ కంపెనీలూ అక్కడే ఉన్నాయి. మన దగ్గర మెకానికల్, కెమికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివి వైజాగ్ రిఫైనరీలోనో, జామ్‌నగర్‌లోనో, గల్ఫ్‌లోనో పనిచేసిన పిల్లలు టొరంటోలో దిగి సెక్యూరిటీ గార్డు యూనిఫాం వేసుకుని తిరుగుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాళ్ళ రెజ్యూమె చదివి అర్థం చేసుకునే మేనేజరు కాల్గరీలో ఉంటాడు. పైపింగ్ స్ట్రెస్, టర్నరౌండ్, షట్‌డౌన్ ప్లానింగ్ అనే మాటలు అక్కడ రోజూ వినపడేవే. ఉత్తరాన చమురు తవ్వే ఫోర్ట్ మెక్‌ముర్రే వైపు సైట్ ఉద్యోగమైతే పద్నాలుగు రోజులు క్యాంపులో పని, ఏడు రోజులు ఇంటి దగ్గర అన్నట్టుగా ఉంటుంది. జీతం బాగుంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ పద్నాలుగు రోజులూ తల్లి ఒక్కతే మంచులో అన్నీ చూసుకోవాలి. ఆ విషయం ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాకే ఒప్పుకోండి.

ఆయిల్ ఊరికి ఒక జబ్బు ఉంది. ధర పడితే ఊరంతా పడుతుంది. 2014 చివర్నుంచి 2016 దాకా చమురు ధర కూలినప్పుడు వేలమంది ఉద్యోగాలు పోయాయి. డౌన్‌టౌన్‌లో మూడో వంతు ఆఫీసులు ఖాళీ అయ్యే స్థితికి వచ్చి, చివరికి 2021 నుంచి ఆ భవనాలను అపార్ట్‌మెంట్లుగా మార్చడానికి నగరమే డబ్బివ్వడం మొదలుపెట్టింది. పైప్‌లైన్ ప్రాజెక్టు నడిచినంత కాలం తీసుకుంటారు, పూర్తయ్యాక పంపేస్తారు. ట్రాన్స్ మౌంటెన్ పైప్‌లైన్ విస్తరణ 2024 మేలో పూర్తయింది, పడమటి తీరంలోని కిటిమాట్ నుంచి మొదటి ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజ వాయువు) ఓడ 2025లో బయల్దేరింది. అందుకని కాల్గరీలో ఇంజినీరుగా చేరేవాళ్ళు మొదటి ఏడాది నుంచే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. మనవాళ్ళ లెక్కల్లో అబ్బాయి ఉద్యోగమే ఉంటుంది. కోడలిది "అక్కడికెళ్ళాక ఏదో ఒకటి చూసుకుంటుందిలే" అని వదిలేస్తారు. గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో బీఫార్మసీ, ఫార్మ్‌డీ చదివిన అమ్మాయిలు ఎంతమంది! వాళ్ళకి అక్కడ ఫార్మసిస్టు లైసెన్స్ కావాలంటే పీఈబీసీ (ఫార్మసిస్టులకు పరీక్షలు పెట్టే కెనడా బోర్డు) వాళ్ళు ముందు సర్టిఫికెట్లు పరిశీలించాలి, ఆ తర్వాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష, దాని మీద క్వాలిఫైయింగ్ పరీక్ష. క్యూబెక్ తప్ప దేశం మొత్తానికీ పరీక్ష ఒకటే, లైసెన్స్ మాత్రం ఏ ప్రావిన్సుకు (మన రాష్ట్రం లాంటిది) ఆ ప్రావిన్సే ఇస్తుంది. సర్టిఫికెట్ల పరిశీలన గుంటూరులో ఉండగానే మొదలుపెట్టొచ్చు. యూనివర్సిటీ నుంచి కాగితాలు తెప్పించడం మీకు అక్కణ్ణుంచి ఎంత కష్టమో, ఇక్కడ నాగార్జున యూనివర్సిటీకి బస్సెక్కి వెళ్ళి కనుక్కోవడం అంత తేలిక. చదువుకుంటూ ఫార్మసీ అసిస్టెంటుగా చేరితే ఆ వాతావరణమూ అలవాటవుతుంది, నెలకి ఇంత అని చేతికీ వస్తుంది.

మొన్న కొరిటెపాడు నుంచి ఒక జంట వచ్చారు. అతను ఆయిల్ కంపెనీలో రొటేటింగ్ ఎక్విప్‌మెంట్ (పంపులు, కంప్రెసర్లు) ఇంజినీరు. ఆమె బ్యాంకులో రిస్క్ విభాగంలో పనిచేస్తోంది, అతని కన్నా రెండేళ్ళు సీనియర్. అతని లెక్కలో కాల్గరీ ఖాయం. నేను ఆమె అనుభవం గురించి అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె చేసే పనికి టొరంటోలో ఉన్నన్ని అవకాశాలు కాల్గరీలో ఉండవు. అతనికేమో టొరంటోలో దొరకవు. అప్పుడు చేయాల్సింది ఇద్దరూ ఇక్కణ్ణుంచే రెండు ఊళ్ళకీ దరఖాస్తులు పెట్టడం. ఎవరికి ముందు ఇంటర్వ్యూలు వస్తే ఆ ఊళ్ళో దిగాలి, అది అమ్మాయికి వచ్చినా సరే. పీఆర్ ఉన్నవాళ్ళు తర్వాత ఊరు మారడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ప్రావిన్సు నామినేషన్ మీద, అంటే ఒక ప్రావిన్సు సిఫార్సుతో పీఆర్ తెచ్చుకుని వెళ్ళేవాళ్ళు మాత్రం ఆ ప్రావిన్సులోనే ఉంటామని చెప్పి తెచ్చుకున్నారు కాబట్టి ఆ మాట నిలబెట్టుకోవాలి.

"కెనడా అనుభవం లేదు కదా, ఎవరిస్తారు?" అనే టెన్షన్ అందరికీ ఉంది. అది నిజమైన ఇబ్బందే. కొంచెం సర్దుకుంటోంది. టొరంటో ఉన్న ఆంటారియో ప్రావిన్సులో ఇంజినీరింగ్ లైసెన్స్ ఇచ్చే పీఈఓ 2023లో కెనడా అనుభవం నిబంధన ఎత్తేసింది. 2026 జనవరి 1 నుంచి ఆంటారియోలో పాతికమంది, అంతకన్నా ఎక్కువమంది ఉన్న కంపెనీలు ఉద్యోగ ప్రకటనలో కెనడా అనుభవం కావాలని రాయకూడదు, జీతం ఎంత నుంచి ఎంత వరకో రాయాలి. ఆ జీతాల అంకెలు మీకు బంగారం. గుంటూరులో కూర్చునే మీ పనికి అక్కడ ఎంతిస్తున్నారో చూసుకోవచ్చు. దాన్ని అరవై రూపాయలతో గుణించి మురిసిపోవద్దు. ఖర్చూ డాలర్లలోనే అవుతుంది.

ఇక ఖర్చులు. 2025లో ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్ టొరంటోలో 2,200 నుంచి 2,400 డాలర్లు, కాల్గరీలో 1,500 నుంచి 1,600 చుట్టుపక్కల ఉంది. తేడా కంటికి బాగా కనిపిస్తుంది. కానీ టొరంటో వెళ్ళే మనవాళ్ళు మొదట అపార్ట్‌మెంట్ తీసుకోరు, బ్రాంప్టన్‌లోనో స్కార్‌బరోలోనో బేస్‌మెంట్‌లో దిగుతారు. చాలాచోట్ల కరెంటు, గ్యాస్, నీళ్ళు, ఇంటర్నెట్ ఆ అద్దెలోనే కలిసి ఉంటాయి. కాల్గరీలో తక్కువ అద్దె అని సంతకం పెట్టాక కరెంటు, గ్యాస్ బిల్లు విడిగా వస్తుంది. ఆ బిల్లు విప్పి చూడండి. వాడిన కరెంటుకి ఒక లైను, దాన్ని ఇంటిదాకా తెచ్చినందుకు ట్రాన్స్‌మిషన్, డిస్ట్రిబ్యూషన్ అని ఇంకో రెండు లైన్లు, పైన అడ్మిన్ ఫీజు. కొన్ని నెలల్లో వాడకం కన్నా ఈ చార్జీలే ఎక్కువ. జనవరిలో హీటింగ్ గ్యాస్ దీనికి తోడు. అందుకని ఇల్లు చూసేటప్పుడు ఓనర్‌ని పోయిన చలికాలం బిల్లులు చూపించమని మొహమాటం లేకుండా అడగండి.

అద్దె పెంచే విషయంలో ఆంటారియో మేలు. అక్కడ ఏటా ఎంత పెంచొచ్చో ప్రభుత్వం చెబుతుంది, 2025కి 2.5 శాతం, 2026కి 2.1. అయితే 2018 నవంబరు 15 తర్వాత మొదటిసారి కాపురాలు మొదలైన ఇళ్ళకు ఆ పరిమితి లేదు. కొత్త కాండో (ఫ్లాట్) అని మురిసి తీసుకుంటే వచ్చే ఏడు ఎంతైనా అడగొచ్చు. కాల్గరీ ఉన్న ఆల్బర్టా ప్రావిన్సులో ఏడాదికి ఒక్కసారే పెంచాలి గానీ ఎంత అన్నదానికి హద్దు లేదు. డిపాజిట్ ఆల్బర్టాలో ఒక నెల అద్దెకు మించకూడదు. ఆంటారియోలో ఆఖరి నెల అద్దె మాత్రమే ముందుగా తీసుకోవాలి. కొత్తవాళ్ళు కదా అని ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమని అడిగితే, అలా అడిగే హక్కు వాళ్ళకు లేదని తెలుసుకుని మాట్లాడండి.

"ఆల్బర్టాలో టాక్స్ తక్కువ" అని ఇక్కడ ప్రతి కన్సల్టెన్సీలోనూ చెబుతున్నారు. పెద్ద జీతగాళ్ళకు అది నిజం. 60 వేల డాలర్ల జీతంతో మొదలయ్యేవాళ్ళకు రెండు ప్రావిన్సుల ఆదాయపు పన్నుకీ తేడా ఏడాది మొత్తం మీద కొన్ని వందల డాలర్లే. తేడా కనిపించేది కొనుగోళ్ళ దగ్గర. ఆంటారియోలో 13 శాతం, ఆల్బర్టాలో 5. బియ్యం, పాలు, కూరగాయల మీద రెండు చోట్లా లేదు. 10 వేల డాలర్ల పాత కారు ఒక మనిషి దగ్గర కొంటే ఆంటారియోలో 1,300 డాలర్లు పన్ను కట్టాలి, ఆల్బర్టాలో అసలు లేదు. పైగా కారు ఇన్సూరెన్స్ విషయంలో ఆంటారియోలోనే ఖరీదైన అడ్రసుల్లో బ్రాంప్టన్ ఒకటి. అద్దె తక్కువని బ్రాంప్టన్‌లో దిగి రెండు కార్లు పెట్టుకునేవాళ్ళు ఈ ఖర్చు అద్దెలో కలిపి చూసుకోవాలి. టొరంటో లోపల సబ్‌వే పక్కన ఉంటే కారు లేకుండా గడుస్తుంది. కాల్గరీలో సీ-ట్రెయిన్ (నగర రైలు) ఉన్నా, పిల్లలతో ఉంటే కారు తప్పదు. 2025లో పెద్ద బ్యాంకులు వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రమ్మన్నాయి కాబట్టి, ఎక్కడో దూరంగా ఇల్లు తీసుకుని ఇంటి నుంచే పనిచేసుకుందామనే ఆలోచన టొరంటోలో ఇప్పుడు నడవదు.

నాలుగేళ్ళ పిల్ల ఉన్నవాళ్ళు మాత్రం ఇది శ్రద్ధగా చూడండి. ఆంటారియోలో నాలుగేళ్ళ వయసు ఏడాది నుంచే ప్రభుత్వ బడిలో రోజంతా కిండర్‌గార్టెన్, ఫీజు లేదు. ఆల్బర్టాలో కిండర్‌గార్టెన్ ఐదేళ్ళకి, అదీ చాలాచోట్ల సగం రోజే. అప్పటిదాకా డేకేర్ కావాలి. 2025 ఏప్రిల్ నుంచి లైసెన్స్ ఉన్న డేకేర్‌లో ఆల్బర్టా నెలకు 326 డాలర్లు ఫీజు పెట్టింది. ఆంటారియోలో ప్రభుత్వ ఫీజు తగ్గింపు పథకంలో చేరిన డేకేర్లలో రోజుకు 22 దాటకూడదు, కానీ సీటు కోసం వెయిటింగ్ లిస్టులో నెలల తరబడి ఉండాలి. ఇద్దరూ ఉద్యోగం చేయాలంటే అద్దెలో తేడా కన్నా ఈ లెక్కే పెద్దది.

ఇల్లు కొనే ఆలోచన ఉన్నవాళ్ళకు కాల్గరీ ఎక్కువ అందుబాటులో ఉంటుంది. టొరంటో చుట్టుపక్కల సగటు ధర పది లక్షల డాలర్లకు అటూ ఇటూ, కాల్గరీలో ఆరు లక్షల చుట్టుపక్కల. టొరంటో నగరం లోపల కొంటే ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ టాక్స్ ప్రావిన్సుకి ఒకటి, నగరానికి ఇంకొకటి. ఆల్బర్టాలో రిజిస్ట్రేషన్ ఫీజుతో సరి.

చలి గురించి భయపెట్టను. కాల్గరీలో మైనస్ 30 రోజులు ఉంటాయి. షినూక్ అనే వెచ్చటి గాలి వీస్తే కొన్ని గంటల్లోనే మంచు కరిగి చొక్కాతో తిరిగే రోజూ వస్తుంది. అమ్మానాన్నలతో మాట్లాడటానికి కాల్గరీ టైమ్ ఇంకా కుదురుతుంది. చలికాలంలో మీకు పొద్దున్న ఎనిమిదైతే గుంటూరులో రాత్రి ఎనిమిదిన్నర. వాళ్ళు భోజనం చేసి కూర్చునే వేళ. పిల్లలకు తెలుగు, సంగీతం, నాట్యం, పెద్ద గుళ్ళు కావాలంటే టొరంటోకి సాటి లేదు. రిచ్‌మండ్ హిల్ గణేశుడి గుడికి పండగ రోజు వెళితే మీకే తెలుస్తుంది. స్టూడెంట్ వీసా మీద వెళ్ళేవాళ్ళకు ఈ పోలికతో పని లేదు. కోర్సు తర్వాత వర్క్ పర్మిట్ ఇస్తారో లేదో చూసుకోవడమే ముఖ్యం, ఊరు కాలేజీని బట్టి వస్తుంది.

డబ్బు ఎంత పట్టుకెళ్ళాలి అంటే, 2025 జులైలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పీఆర్‌కి దరఖాస్తు చేసే పద్ధతి) ఒక్క మనిషికి చూపించమన్నది 15,263 డాలర్లు. అది చూపించడానికి మాత్రమే అనుకుని, వీసా రాగానే అప్పిచ్చిన మామయ్యకి తిరిగి ఇచ్చేసి బయల్దేరుతున్నారు. దయచేసి అలా చేయకండి. ఆ డబ్బు మీ మొదటి ఆరు నెలల బియ్యం, అద్దె. అది లేకపోతే మొదటి వారంలోనే గోదాముల్లో నైట్ షిఫ్ట్‌కి వెళ్ళాల్సి వస్తుంది. పగలు నిద్రపోతే ఇంటర్వ్యూకి ఎప్పుడు చదువుతారు?

బయల్దేరే ముందు ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి మీ లైసెన్స్ మొదట ఏ తేదీన ఇచ్చారో ఉండేలా ఎక్స్‌ట్రాక్ట్ (లైసెన్స్ వివరాల పత్రం) తీసుకోండి. లైసెన్స్ కార్డు రెన్యువల్ చేయించి ఉంటే పాత తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఆంటారియోలో రెండేళ్ళకు పైబడిన డ్రైవింగ్ అనుభవం నిరూపించుకుంటే రాతపరీక్ష పాసయ్యాక నేరుగా ఆఖరి రోడ్ టెస్టుకి వెళ్ళొచ్చు, ఏళ్ళ తరబడి మెట్లు ఎక్కక్కర్లేదు. ఇక్కడి కారు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిములు లేవని లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, పిల్లల టీకాల కార్డు ఇంగ్లిష్‌లో డాక్టరు సంతకంతో, ఇద్దరి ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఏ పని చేశారో వివరంగా రాయించినవి, ఇవన్నీ చేతి బ్యాగులో పెట్టుకోండి. చెక్-ఇన్ సూట్‌కేసులో పచ్చళ్ళ పక్కన వద్దు.