మోకాలి ఆపరేషన్ తర్వాత కోచ్ అవుతానంటున్న అబ్బాయికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. వరంగల్‌లో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాడు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్. ఐదు నెలల క్రితం మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి పుస్తకం ముట్టుకోవడం లేదు. 'ఆడలేకపోతే కోచ్ అవుతా. ఇటలీ ఫుట్‌బాల్ కోచ్ ఆంచెలోట్టికి కూడా మోకాళ్లు దెబ్బతిన్నాయి, చూడు ఎక్కడికి వెళ్లాడో' అంటాడు. డిగ్రీ మానేసి కోచింగ్ కోర్సులో చేరతానని పట్టు పట్టాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇది కుదిరే పనేనా?

జవాబు: నమస్కారం అండీ. మీ అబ్బాయి మంచి మనిషినే ఉదాహరణగా తీసుకున్నాడు. అయితే ఆ కథలో మొదలు, చివర మాత్రమే మీకు చెప్తున్నాడు. మోకాళ్లు దెబ్బతినడం మొదలు, యూరప్‌లోని పెద్ద క్లబ్బులకు కోచ్ కావడం చివర. మీకూ అతనికీ పనికొచ్చేది మధ్యలో ఉంది కాబట్టి, ముందు అది చెప్పి తర్వాత మీ ఇంటి సంగతికి వస్తాను.

కార్లో ఆంచెలోట్టి 1959లో ఉత్తర ఇటలీలోని రెజ్జోలో అనే చిన్న ఊళ్లో పుట్టారు. పాడి రైతు కుటుంబం. ఆ ప్రాంతంలో పాలన్నీ పార్మెజాన్ చీజ్‌కి వెళ్తాయి. ఆ చీజ్ కనీసం 12 నెలలు మాగాలి, అప్పుడే అమ్మకానికి వస్తుంది. అలాంటి ఇంట్లో పెరిగిన కుర్రాడు పార్మా క్లబ్బులో ఆట మొదలుపెట్టి 1979లో రోమా క్లబ్బుకు చేరాడు. 1981లో ఒక మోకాలికి పెద్ద గాయమైంది. దాంతో 1982 ప్రపంచ కప్ జట్టులో ఉండలేకపోయాడు, ఆ కప్పు ఇటలీయే గెలిచింది. 1983 డిసెంబరులో రెండో మోకాలు. 1984లో రోమా యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్ తన సొంత మైదానంలోనే ఆడింది, ఆంచెలోట్టి మాత్రం బయటే ఉండి జట్టు పెనాల్టీల్లో ఓడిపోవడం చూడాల్సి వచ్చింది.

ఇక్కడ మీ అబ్బాయి వదిలేస్తున్న విషయం ఒకటుంది. మోకాళ్లు పోయాయని ఆయన అప్పుడే కోచ్ కాలేదు. తిరిగి వచ్చి ఇంకా ఎనిమిదేళ్లు ఆడారు. 1987లో ఏసీ మిలాన్‌కు వెళ్లి 1989లో, 1990లో యూరోపియన్ కప్ గెలిచిన జట్టులో ఉన్నారు. 1989 సెమీఫైనల్లో రియల్ మాడ్రిడ్‌ను 5-0తో ఓడించిన మ్యాచ్‌లో మొదటి గోల్ దూరం నుంచి కొట్టింది ఆయనే. కాబట్టి 19 ఏళ్ల వయసులో, ఆపరేషన్ అయిన ఐదు నెలలకే ఆట అయిపోయిందని తేల్చుకోవడం తొందరపాటు. ఈ మాట అతనికీ చెప్తున్నాను, మీకూ చెప్తున్నాను. ఇలాంటి ఆపరేషన్ తర్వాత మళ్లీ మ్యాచ్ ఆడటానికి కనీసం తొమ్మిది నెలలు ఆగమని డాక్టర్లు సాధారణంగా చెప్తారు. మీవాడు ఇంకా సగం దారిలోనే ఉన్నాడు. ఫిజియోథెరపీ మానేయకుండా చూడండి. పిల్లలు చాలామంది నొప్పి తగ్గగానే మానేస్తారు.

మిలాన్ రోజుల నుంచి ఇంకో సంగతి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. అప్పటి మిలాన్ కోచ్ అరిగో సాక్కి ఆయనను పట్టుబట్టి తెప్పించుకున్నారు. ఆ మోకాళ్లను చూసి క్లబ్ యజమాని బెర్లుస్కోనీ సందేహించారు. తీరా వచ్చాక చూస్తే, సాక్కి ఆడించే పద్ధతి ఆంచెలోట్టికి కొత్త. అందరూ కలిసి ముందుకు కదలడం, కలిసి వెనక్కి రావడం, బంతి పోగానే అందరూ ఒక్కసారిగా మీద పడటం ఆయనకు అలవాటు లేదు. అప్పుడు సాక్కి ఏం చేశారంటే, రోజూ ప్రాక్టీసుకు గంట ముందే ఆయనను రమ్మని, క్లబ్బు జూనియర్ పిల్లలతో కలిపి ఆ కదలికలన్నీ నేర్పించారు. ఇటలీ జాతీయ జట్టుకు ఆడుతున్న మనిషి 28 ఏళ్ల వయసులో చిన్నపిల్లల మధ్య నిలబడి ఓనమాలు దిద్దుకున్నాడు. నాకైతే ఆయన కోచింగ్ చదువు అక్కడే మొదలైందని అనిపిస్తుంది.

1992లో ఆట మానేశారు. అప్పటికి ఆయన పేరు ఇటలీలో తెలియని వాళ్లు లేరు. అయినా చేసిన మొదటి ఉద్యోగం అసిస్టెంట్‌ది. జాతీయ జట్టు కోచ్‌గా వెళ్లిన సాక్కి దగ్గరే 1995 వరకు పనిచేశారు. 1994లో అమెరికాలో ఇటలీ ప్రపంచ కప్ ఫైనల్ దాకా వెళ్లి బ్రెజిల్ చేతిలో పెనాల్టీల్లో ఓడినప్పుడు ఆయన సాక్కికి సహాయకుడు. ఫ్లోరెన్స్ పక్కన కోవెర్చానో అనే చోట ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే కోచ్‌ల బడి ఉంది. ఎంత గొప్ప ఆటగాడైనా అక్కడ చదివి పాస్ కావాలి. చివర్లో ఒక సిద్ధాంత వ్యాసం కూడా రాయాలి. ఆంచెలోట్టి రాసిన వ్యాసం ఫుట్‌బాల్ భవిష్యత్తు గురించి, ఆట ఇంకా చురుగ్గా మారాలన్న విషయం మీద. మీ అబ్బాయి చదువు వదిలేసి కోచింగ్‌లోకి వెళ్తానంటున్నాడు. ఆంచెలోట్టి కోచింగ్ కోసమే మళ్లీ బడికి వెళ్లారు.

1995లో రెజ్జానా అనే రెండో డివిజన్ జట్టు దొరికింది. ఒక్క ఏడాదిలో దాన్ని మొదటి డివిజన్‌కు తెచ్చారు. తర్వాత పార్మా, మొదటి సీజన్‌లోనే లీగ్‌లో రెండో స్థానం. అక్కడే పెద్ద పొరపాటూ చేశారు. సాక్కి దగ్గర నేర్చుకున్న 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) తప్ప ఇంకో పద్ధతి వద్దనుకున్నారు. ఫార్వర్డ్ జియాన్‌ఫ్రాంకో జోలాను అతనికి నప్పని ఎడమ పక్కకు నెట్టారు, జోలా ఇంగ్లండ్ క్లబ్ చెల్సీకి వెళ్లిపోయాడు. 1997లో ఇటలీ స్టార్ ఫార్వర్డ్ రాబర్టో బాజియో వస్తానంటే తన పద్ధతిలో ఇమడడని వద్దన్నారు. బాజియో బొలోన్యాకు వెళ్లి ఆ సీజన్ లీగ్‌లో 22 గోల్స్ కొట్టాడు. ఆ నిర్ణయం తప్పని ఆంచెలోట్టే తర్వాత బాహాటంగా ఒప్పుకున్నారు. ఊరికే ఒప్పుకుని వదిలేయలేదు, మారారు. తర్వాత యువెంటస్ క్లబ్బులో ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ జిదాన్ కోసం జట్టు కూర్పునే మార్చారు. మిలాన్‌లో, స్ట్రైకర్ల వెనక ఆడే మిడ్‌ఫీల్డర్ ఆండ్రియా పిర్లోను వెనక్కి తెచ్చి డిఫెండర్ల ముందు నిలబెట్టారు. మొత్తం ఆటను అక్కడి నుంచే నడిపిన పిర్లో ఆ స్థానానికే కొత్త అర్థం తెచ్చాడు. కోచ్ పని అంటే ఇదే. తనకు తెలిసిన ఆటలోకి మనుషులను కూరడం కాదు, ఎదురుగా ఉన్న మనుషులకు సరిపోయే ఆట వెతకడం. దీనికి మోకాళ్లు అక్కర్లేదు కానీ ఎదుటివాడిని గమనించే ఓపిక కావాలి. మీ అబ్బాయికి ఆ ఓపిక ఉందో లేదో మనకింకా తెలియదు, బహుశా అతనికీ తెలియదు.

తండ్రిగా మీరు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. ఛాంపియన్స్ లీగ్‌ను కోచ్‌గా ఐదుసార్లు గెలిచినవాడు ఆంచెలోట్టి ఒక్కరే. ఇటలీ, ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ లీగ్‌లు ఐదూ గెలిచిన మొదటి కోచ్ కూడా ఆయనే. 2025లో బ్రెజిల్ జాతీయ జట్టు పగ్గాలు అందుకున్నారు. అంతటి మనిషిని యువెంటస్ వరసగా రెండుసార్లు రెండో స్థానం వచ్చాక పంపేసింది. అందులో ఒకటి 2000లో ఒక్క పాయింటు తేడాతో పోయిన టైటిల్. చెల్సీకి లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ గెలిపించిన మరుసటి ఏడాదే, 2011లో, అక్కడా ఉద్యోగం పోయింది. రియల్ మాడ్రిడ్ 2015లో, బయెర్న్ మ్యూనిక్ 2017లో, నాపోలి 2019లో తీసేశాయి. మాడ్రిడ్ 2021లో మళ్లీ పిలిచింది, అది వేరే సంగతి. ఈ వృత్తిలో పని బాగా చేసినా ఉద్యోగం పోతుంది. అది తెలిసే దిగాలి. వెనక ఒక డిగ్రీ ఉండాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇంతకీ కుదిరే పనేనా అన్నారు. కుదురుతుంది. పెద్ద ఆటగాడు కాకపోయినా కుదురుతుంది. సాక్కి స్వయంగా ప్రొఫెషనల్ ఆటగాడు కాదు, చెప్పుల వ్యాపారం చేసేవారు. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారిని చూడండి. స్కూల్ టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును దేశంలోనే మేటిగా తయారు చేశారు. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మీ అబ్బాయికి ఈ పేరు తెలియకపోతే ఇవాళే చెప్పండి.

దారి ఎలా ఉంటుందో చెప్తాను. బీకాం పూర్తి చేయాలి, ఇందులో బేరం లేదు. డిగ్రీ అయ్యాక పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేస్తే పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగాలకు అర్హత వస్తుంది. రహీమ్ గారి లాగే బడిలో జీతం, సాయంత్రం మైదానం. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ కోచింగ్ డిప్లొమాకు కూడా డిగ్రీ, ఆటలో అనుభవం రెండూ అడుగుతారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచింగ్ లైసెన్సులు మెట్లు మెట్లుగా ఉంటాయి. డి, ఆ తర్వాత సి, బి, ఎ, ప్రో. డి లైసెన్స్ కొద్ది రోజుల కోర్సు, చదువు మానకుండానే చేయొచ్చు. వీడియో అనలిస్ట్, ఫిట్‌నెస్ ట్రైనర్, రిఫరీ లాంటి పనులూ ఉన్నాయి, వాటి గురించి ఇప్పుడే ఆలోచించాల్సిన పని లేదు. మొదట్లో ఆదాయం తక్కువే, అది దాచను. పిల్లల బ్యాచ్‌లకు నేర్పితే వచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. బీపీఈడీ వైపు మొగ్గమని చెప్పేది ఆ లెక్కతోనే.

అంతకంటే ముందు ఒక పని. ఫిజియో సరేనన్నాక, ఈ వేసవిలో మీ ఊళ్లో ఏదైనా సమ్మర్ క్యాంపులో చిన్నపిల్లల బ్యాచ్‌కు సహాయకుడిగా వెళ్లమనండి. డబ్బు అడగొద్దు. కోన్లు పెట్టడం, బంతుల్లో గాలి కొట్టడం, ఏడ్చే పిల్లవాడిని ఊరుకోబెట్టడం, అన్నీ చేయాలి. రోజూ రాత్రి ఒక నోట్‌బుక్‌లో ఆ రోజు ఏ పిల్లవాడికి ఏం రాలేదో, తనేం ప్రయత్నించాడో, మర్నాడు ఏం మారిందో రాసుకోవాలి. మీరు మాత్రం ఆ నెల రోజులూ 'కోచ్ అయితే ఏం తింటావు' అనే మాట ఎత్తకండి. ఐదు నెలలుగా మైదానానికి దూరమైన పిల్లవాడు అతను. లోపల ఎంత బెంగ ఉందో మీకు పైకి కనిపించకపోవచ్చు. పుస్తకం ముట్టకపోవడానికి కారణం బద్ధకం కాకపోవచ్చు. ఒకసారి పక్కన కూర్చుని, ఆ రోజు మ్యాచ్‌లో ఏం జరిగిందో చెప్పమని అడగండి.

క్యాంపు అయిపోయాక ఆ నోట్‌బుక్ తెరిచి, పిల్లల పేర్లు చెప్తూ ఎవరు ఎలా మారారో వివరించమనండి. ఆగకుండా చెప్పుకుపోతుంటే నాకు మళ్లీ రాయండి, డి లైసెన్స్ దరఖాస్తు గురించి అప్పుడు మాట్లాడుకుందాం. నోట్‌బుక్ నాలుగో రోజుకే ఆగిపోయి ఉంటే కోప్పడకండి. అప్పుడూ రాయండి.