చుక్కాని పిడి ఎక్కడుందో చూశావా?

చిట్టితల్లీ,

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు తెరచాప పడవలో వెళ్తున్నావని మీ నాన్న ఫోన్‌ చేశాడు. వాడికి నిద్ర పట్టడం లేదట. నాకూ పట్టలేదు. కానీ పొద్దున్నే పక్కింటివాళ్లకు చెప్పుకొచ్చాను, మా తమ్ముడి కూతురు సముద్రం దాటబోతోందని.

హుస్సేన్‌సాగర్‌లో ఏది విరిగినా గట్టు కనబడుతూనే ఉంటుంది. ఈ ప్రయాణం సుమారు 1,200 కిలోమీటర్లు. గాలి అనుకూలించినా అయిదారు రోజులు.

లైఫ్‌ జాకెట్లు, మందుల సంగతి నీకు చెప్పక్కర్లేదు. తాగే నీళ్లన్నీ ఒకే ట్యాంకులో పోయవద్దు. రేడియో ఆపద పిలుపుల 16వ ఛానల్‌ మీద ఉండాలి, కానీ తీరం దాటాక దాని కేక ఎక్కువ దూరం పోదు. ఉపగ్రహానికి సంకేతం పంపే బీకన్‌ లేకుండా కదలవద్దు. దాని బ్యాటరీ గడువు నీ కళ్లతో చదువు. డీజిల్‌ ఫిల్టరు, పంపులో నీళ్లు తోసే రెక్కల చక్రం, అదే ఇంపెల్లరు, విడిగా కొని పెట్టుకుంటే చాలదు. రేవులో ఉండగానే ఒకసారి విప్పి, నీ చేతులతో బిగించి చూడు.

ఇక చుక్కాని. నేను నౌకాదళం వదిలాక ఒక పడవలో మద్రాసు నుంచి వస్తున్నాం. కెప్టెన్‌ జాగ్రత్తపరుడే. రాత్రి స్టీరింగ్‌ తీగ తెగింది, చక్రం ఎటు తిప్పినా ఊరికే తిరుగుతోంది. అలాంటప్పుడు చుక్కానికి నేరుగా తగిలించే ఇనుప పిడి ఉంటుంది కదా, అది అడుగు అరలో, బియ్యం బస్తా కింద, ఉల్లిపాయల కింద ఉంది. తీశాం. తగిలించాలంటే డెక్‌ మీది గుండ్రటి మూత విప్పాలి. ప్రయాణానికి ముందు పడవ అందంగా ఉండాలని ఆ మూత మీద కూడా రంగు వేయించాడు మహానుభావుడు! టార్చి వెలుగులో ఉలితో ఆ రంగు గీకుతుంటే పడవ అలలకు అడ్డం తిరిగింది. పొయ్యి మీది గంజి వంట కుర్రాడి మోచేతి మీద పడింది. వాడి అరుపు ముందు సముద్రం హోరు నాకు వినిపించలేదు.

అందుకే చెబుతున్నాను, ఏది చెడినా ముందు పొయ్యి ఆర్పండి. తర్వాతే పనిముట్లు. నవ్వకు. నువ్వు పరధ్యానంగా పాలు పొంగించే రకానివి, నాకు తెలుసు.

2018లో మన నౌకాదళం అమ్మాయిలు తారిణి అనే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి వస్తున్నప్పుడు కూడా చెడింది స్టీరింగే. మారిషస్‌లో ఆగి బాగు చేయించుకుని గోవా చేరారు. అందులో మన విశాఖ పిల్ల స్వాతి కూడా ఉంది. వాళ్లు చేశారు, నువ్వూ చేస్తావు. కానీ ఆ పిడిని పట్టపగలు ఒకసారి, కళ్లకు గంతలు కట్టుకుని ఒకసారి తగిలించి, దాంతో గంటసేపు పడవ నడిపి చూపించు. మీ కెప్టెన్‌ నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

బయలుదేరడానికి రెండు రోజుల ముందే మా ఇంటికి రా. ఆ మూత నేను చూడాలి. పెద్దమ్మ గోంగూర పచ్చడి పెడుతోంది. గాజు సీసాలో వద్దు, ప్లాస్టిక్‌ డబ్బాలో పెట్టమన్నాను.

మీ పెదనాన్న