ప్రార్థన మానక్కర్లేదు, మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. పోయిన దసరా ముందు మా ఆయన ఆటో పంట కాలవలో పడిపోయింది, ఆయన ఈదుకుని బయటికొచ్చారు, వెనక కూర్చున్న మా మరిది దక్కలేదు. అప్పట్నించి నిద్ర లేదు, ఆటో తియ్యట్లేదు. ఎండాకాలం బాగానే ఉన్నారు, జూన్‌లో కాలవకి నీళ్లు వదిలాక మళ్లీ మొదలైంది. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఆందోళన తగ్గడానికని ఆల్‌ప్రాజోలం మాత్రలు ఇస్తున్నారు. పాస్టర్ గారు ఉపవాస ప్రార్థన పెట్టారు. హైదరాబాద్‌లో బైబిలూ, కౌన్సెలింగూ కలిపి రెండు వారాల్లో ట్రామా (మనసుకి తగిలిన దెబ్బ) తగ్గిస్తారంట, మాత్రలు కూడా అక్కర్లేదంట. పంపమంటారా?

జవాబు: అమ్మా, నీళ్లు వదిలాక మళ్లీ మొదలైందన్నారు చూడండి, జబ్బు సంగతి సగం అక్కడే తెలిసిపోతోంది. ఎండాకాలంలో ఆయనకి తగ్గలేదు, కాలవకి నీళ్లు ఆపేశారు కాబట్టి గుర్తుచేసేది లేదంతే. మళ్లీ నీళ్లొచ్చాయి, గుర్రపుడెక్క వాసన, లాకుల దగ్గర హోరు, దాంతో ఒళ్లు మళ్లీ ఆ రోజుకి వెళ్లిపోతోంది. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ ఇవన్నీ పీటీఎస్‌డీ లక్షణాలే, అంటే ఘోరం చూశాక మనసుకి పట్టుకునే జబ్బు. విశ్వాసం తక్కువై వచ్చేది కాదు, దయ్యం అసలే కాదు.

రెండు వారాల్లో ట్రీట్‌మెంట్ అనేది వట్టి మాటేం కాదు. మామూలుగా వారానికోసారి మూడు నెలలు చేసే థెరపీని రోజూ గంటలకొద్దీ కూర్చోబెట్టి వారంలో చేస్తే కూడా దాదాపు అంతే ఫలితం వచ్చిందని 2014లో ఆక్స్‌ఫర్డ్‌ పరిశోధకులు చూపించారు. కాకపోతే లోపల అసలు సరుకుండాలి, అంటే ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆ ఘటన గురించిన ఆలోచనల్నీ భయాల్నీ మాటలతో సరిచేసేది) గానీ ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ తిప్పిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకోమనేది) గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫార్సు చేసినవి. సీబీటీలో అయితే ఆటో పక్కకి ఒరగడం దగ్గర్నించి గట్టెక్కేదాకా జరిగింది ఆయన నోటితో ఆయనే చెప్పాలి, థెరపిస్టు పక్కనుండగా, మళ్లీ మళ్లీ. మొదట్లో కలలు ఎక్కువవ్వచ్చు, అప్పుడు పారిపోకూడదు. కేవలం వాక్యం చదివి, చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపేస్తే అది ప్రార్థనే, థెరపీ కాదు.

నాకున్న పెద్ద అనుమానం వేరే. హైదరాబాద్‌లో మీ పంట కాలవ లేదు కదమ్మా, అక్కడ రెండు వారాలూ ఎండాకాలంలో లాగే బాగుండొచ్చు, తిరిగొచ్చి గట్టు మీద నిలబడితే అప్పుడు తెలుస్తుంది. అందుకని డబ్బు కట్టేముందే అడగండి, చేసేది ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా, సైకియాట్రిస్టు చూస్తారా, ఇంటికొచ్చాక ఫోన్లోనైనా ఫాలోఅప్ ఉంటుందా అని. చూడకుండానే మాత్రలు అక్కర్లేదని చెప్పేవాళ్లని నేనైతే నమ్మను. ఆల్‌ప్రాజోలం ఈ జబ్బుకి సరైన మందు కాదు నిజమే, కానీ నెలలతరబడి వేసుకుని ఒక్కసారి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఈ జబ్బుకి వాడే సెర్ట్రలిన్ లాంటి మందు మొదలుపెడితే పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది.

పాస్టర్ గారితో గొడవపడొద్దు, ఆయన అవసరం ఉంది. తమ్ముణ్ణి వదిలేసి నేనొచ్చేశానన్న బాధ లోపలుంటే (చాలామందికి ఉంటుంది) అది చెప్పుకోడానికి పక్కన కూర్చునే మనిషి కావాలి. 69వ కీర్తన మొదలయ్యేదే నీళ్లు ముంచెత్తుతున్నాయనే మొరతో, అది కలిసి చదవమనండి, అంతేగానీ అన్నీ దేవుడికప్పగించి మర్చిపో అని తొందరపెట్టొద్దని చెప్పండి. ఉపవాసం మాత్రం ఇప్పుడు వద్దు, నిద్రలేని ఒంటికి కడుపు కూడా మాడిస్తే ఇంకా చెడుతుంది. బదరీ చెట్టు కింద చచ్చిపోతానన్న ఏలీయాకి కూడా దేవదూత ముందు రొట్టె, నీళ్లే పెట్టాడు, ఆ మాట పాస్టర్ గారికి నాకంటే బాగా తెలుసు.

హైదరాబాద్ తర్వాత చూద్దురుగాని, ఈ వారమే కాకినాడ జీజీహెచ్‌లో (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి, మాత్రల పట్టీ కూడా పట్టుకెళ్లండి. చచ్చిపోతే బాగుండన్న మాట వచ్చినా, తాగుడు మొదలైనా ఓపీ దాకా ఆగకుండా 14416కి, అంటే టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు.