భారీ అయితే అన్నిచోట్లా హెవీ కాదమ్మాయ్

ఒంగోలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఐదు పేజీలూ చదివాను. తెలుగు వార్తను ఇంగ్లీషులోకి మార్చడమే నీ ఉద్యోగం గనక మొహమాటం లేకుండా రాస్తున్నా. వ్యాకరణం శుభ్రంగా ఉంది. కానీ ‘భారీ’ కనబడితే చాలు, ‘హెవీ’ వేసేశావు. భారీ బహిరంగ సభ హెవీ మీటింగ్ అయింది, భారీ మెజారిటీ హెవీ మెజారిటీ అయింది. ఆ రెండు చోట్లా హ్యూజ్ అనాలి. భారీ బడ్జెట్ సినిమాకి ఉత్త ‘బిగ్ బడ్జెట్’ చాలు.

నిన్ను అనేదేముందిలే, మన చెవులకి ఆ జత అట్లా అలవాటైంది. చీమకుర్తి నుంచి గ్రానైట్ బండలు మోసుకొచ్చే లారీలు హెవీ వెహికల్స్, వాటిని తోలేవాళ్లది హెవీ లైసెన్సు. భారీ పరిశ్రమలు హెవీ ఇండస్ట్రీస్. ఇవన్నీ కుదిరాయి. భారీ వర్షం హెవీ రెయిన్, అదీ కుదిరింది. అయితే వానతో జాగ్రత్త. వాతావరణ శాఖ వాళ్లకి అది వర్ణన కాదు, కొలత. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల దాకా పడితే హెవీ, 115.6 నుంచి 204.4 దాకా వెరీ హెవీ, అదీ దాటితే ఎక్స్‌ట్రీమ్లీ హెవీ. వాయుగుండం వార్తలో ‘అతిభారీ’ అని ఉంటే, అందంగా ఉంటుందని ఇంకో మాట పెట్టబోకు.

అదే వాయుగుండంలో వీచే గాలి మాత్రం స్ట్రాంగ్. తడిసినోడికి వచ్చే జ్వరం హై. వాడికిచ్చే టీ మళ్లీ స్ట్రాంగ్. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది అంటాం గదా, ఎందుకో మనం మాత్రం చెప్పగలమా?

నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతా. క్వారీ ఆఫీసులో ఉత్తరాలు రాసే రోజుల్లో, బండ కోసే డైమండ్ వైరు విదేశం నుంచి తెప్పించేవాళ్లం. రేటు తగ్గించమని అడుగుతూ ‘మీ వైరుకి మేం హెవీ ప్రైస్ చెల్లిస్తున్నాం’ అని రాశాను. మర్నాడే జవాబొచ్చింది: వైరు తెగి ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని! ధర ఎక్కువైతే హై ప్రైస్. హెవీ ప్రైస్ చెల్లించడమంటే చేసినదానికి మూల్యం చెల్లించుకోవడం. మా యజమాని వారం రోజులు నవ్వాడు. రేటు మాత్రం తగ్గలేదు.

అందుకే మాటను ఒంటరిగా నేర్చుకోవద్దు. ఎడ్ల పందేల్లో వయసును బట్టి రెండు పళ్ల జత, నాలుగు పళ్ల జత అని విడివిడిగా దింపుతారు చూడు, నోట్‌బుక్కులో మాటల్ని కూడా అట్లాగే జతలుగా కట్టు. ‘హెవీ అంటే బరువైన’ అని రాసుకుంటే ఎందుకూ పనికిరాదు. హెవీ ట్రాఫిక్, హెవీ ఫైన్, హెవీ స్మోకర్, హెవీ లాస్ అని రాసుకో.

పక్కనే వ్యతిరేకం కూడా రాయి. అసలు కిటుకు అక్కడుంది. హెవీ ట్రాఫిక్‌కి లైట్ ట్రాఫిక్, కానీ హెవీ ఫైన్‌కి స్మాల్ ఫైన్. స్ట్రాంగ్ టీకి వీక్ టీ, స్ట్రాంగ్ విండ్‌కి మాత్రం లైట్ విండ్. యాస బాగా తెలిసిపోతుంటే హెవీ యాక్సెంట్, కొద్దిగా ఉంటే స్లైట్. మొద్దు నిద్ర పోయేవాడు హెవీ స్లీపర్, చిన్న చప్పుడుకే లేచేవాడు లైట్ స్లీపర్. ఇట్లాంటివి రోజుకి మూడు చాలు. ముప్పై రాస్తే మర్నాటికి ఒక్కటీ ఉండదు.

నీ కాగితాల మీద ఎర్ర పెన్సిల్‌తో గీతలు పెట్టి ఫొటోలు పంపాను. ఒక తప్పు కింద కావాలనే గీత పెట్టలేదు. దొరికితే ఫోన్ చెయ్యి, కానీ రాత్రి తొమ్మిది లోపే. ఆ తర్వాత నేను ఏ రకం స్లీపర్‌నో మీ అత్తయ్యనడుగు.

మీ మామయ్య