ముక్కు పురుగు ఫోటో చూసి అది బియ్యందో మొక్కజొన్నదో చెప్పొచ్చా?

బియ్యం ముక్కు పురుగుకీ మొక్కజొన్న ముక్కు పురుగుకీ తేడా దగ్గరగా తీసిన ఫోటోలో తెలుస్తుందా అని అడిగారు. ఈ రెండూ చేరే సైటోఫిలస్ అనే ప్రజాతి వరకు తెలుస్తుంది. ఆ పైన ఫోటో చూసి ఖాయంగా పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను.

మూడేళ్ల కిందట మా అమ్మ బియ్యం డ్రమ్ము మూత తీసి, "పురుగు పట్టిందిరా, కాస్త ఎండలో పోయి" అంది. నేను ముందు ఫోన్‌కి మాక్రో లెన్స్ తగిలించాను. ముట్టుకుంటే చాలు, కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతాయి. ఫోకస్ కుదిరే సమయానికి మోచేతిలా వంగిన మీసం కదిలించి నడక మొదలుపెడతాయి. చివరికి కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, తెల్ల కాగితం మీద వేసి తీశాను. అన్నిటికీ రెక్కల మీద నాలుగు నారింజ మచ్చలున్నాయి. కానీ కొన్నిటి ముక్కు పొట్టిగా గరుకుగా ఉంది, కొన్నిటిది సన్నగా, పొడుగ్గా, నున్నగా ఉంది. రెండు జాతులనుకున్నాను. కాదు, పొట్టి ముక్కువి మగవి, పొడుగు ముక్కువి ఆడవి.

వ్యవసాయ కాలేజీలో పాఠాలు చెప్పే మా బావ మైక్రోస్కోపు కింద ఒక మగదాని పొట్ట సూదితో విప్పాడు. జననాంగం పైభాగాన నిలువునా రెండు గాడులు. అంటే మొక్కజొన్నది. బియ్యందైతే అక్కడ నున్నగా ఉబ్బి ఉంటుంది. దొరికింది బియ్యంలో, పురుగేమో మొక్కజొన్నది! గింజను బట్టి పేరు పెట్టడం ఇకనైనా మానాలి. సైజు కూడా నమ్మకూడదు, పెద్ద గింజలో పెరిగింది పెద్దగానే వస్తుంది.

ఫోటోలు పెట్టేవాళ్లతో నా బాధ ఇంకొకటి. అందరూ ముక్కు అందంగా కనపడాలని పక్కనుంచి తీస్తారు. గుర్తుపట్టడానికి మాకు కావలసింది తలకీ రెక్కలకీ మధ్య ఉండే వీపు భాగం, నిటారుగా పైనుంచి, ఫ్లాష్ మెరుపు లేకుండా. అక్కడి గుంటల మధ్య నిలువునా నున్నటి చార ఉంటే బియ్యందని, గుంటలు అంతటా పరుచుకుని ఉంటే మొక్కజొన్నదని అనుమానించొచ్చు, అంతే. గుంటలు కోలగా ఉండి, రెక్కల మీద మచ్చలే లేకపోతే అది అదే ప్రజాతిలోని మూడో జాతి గ్రనేరియస్, ఎగరలేనిది. ఇదొక్కటి ఫోటోలో బాగానే తెలుస్తుంది. ఫోన్ యాప్‌లు మాత్రం ఇవేవీ చూడకుండానే పేరు చెప్పేస్తాయి, జనం అదే రాసేసుకుంటారు.

మీ పురుగుల్ని పారేయకండి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి వేయండి, ఏ ఊరు, ఏ గింజ, ఏ తేదీ అని పెన్సిల్‌తో చీటీ రాసి అందులోనే పెట్టండి.