చిన్న ఆంప్లిఫయర్‌కు ఏ స్పీకర్లు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే చిన్న క్లాస్-డి (తక్కువ వేడితో, చిన్న చిప్‌తో నడిచే రకం) ఆంప్లిఫయర్ ఉంది. పెట్టె మీద 50+50 వాట్లని వేశారు. షెల్ఫులో పట్టే స్పీకర్ల జత కోసం వెళితే అంగడిలో ‘100 వాట్ల బాక్సులు దీనికి పలకవు, 20 వాట్లవి తీసుకోండి’ అన్నారు. మా హాలు 10 అడుగులకు 14 అడుగులు. అన్నమయ్య కీర్తనలు, కచేరీలు ఎక్కువగా వింటాం. ఏవి కొనమంటారు?
– ఒక పాఠకుడు, బాలాజీ కాలనీ, తిరుపతి

జవాబు: అంగడివాళ్ల మాట పక్కన పెట్టండి. స్పీకర్ మీద రాసే వాట్లు అది ఎంత తట్టుకుంటుందో చెబుతాయి, ఎంత అడుగుతుందో కాదు. 100 వాట్ల బాక్సు 5 వాట్లకు కూడా హాయిగా పలుకుతుంది. మీకు కావలసిన అంకె సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే సౌండు ఎన్ని డెసిబెల్స్ (సౌండు కొలత) వచ్చిందన్నదే ఆ అంకె.

ముందు మీ ఆంప్లిఫయర్ అసలు బలం చూద్దాం. 12 వోల్టుల సప్లై ఉంటే స్పీకర్‌కు ఏ క్షణంలోనూ 12 వోల్టులకు మించి అందవు. 12ను 12తో గుణించి, 8 ఓమ్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు కొలత) స్పీకర్‌కు దాని రెట్టింపు 16తో భాగిస్తే 9 వాట్లు. లోపలి నష్టాలు పోను మిగిలేది 7, 8. ఇలాంటి బోర్డుల్లో తరచుగా కనిపించే టీపీఏ3116 చిప్‌కు చెప్పే 50 వాట్లు కూడా 21 వోల్టుల సప్లైతో, 4 ఓమ్స్ స్పీకర్‌కు, 10 శాతం డిస్టార్షన్‌ను, అంటే సౌండు చెడిపోవడాన్ని ఒప్పుకుని వేసిన లెక్క. మీ బోర్డులో ఆ చిప్పే ఉంటే 24 వోల్టులు, 4 లేదా 5 ఆంపియర్ల అడాప్టర్ పెట్టుకోవచ్చు. కాకపోతే ముందు మూత తీసి పెద్ద కెపాసిటర్ల మీద ఏం రాసుందో చూడండి. 35 వోల్టులని ఉంటే సరే. 25 అని ఉంటే 24 వోల్టులు ఇవ్వకండి, కొన్నాళ్లకు అవి ఉబ్బిపోతాయి.

ఇప్పుడు 8 వాట్లతోనే లెక్క వేద్దాం. 87 డెసిబెల్స్ స్పీకర్ తీసుకున్నారనుకోండి. రెండు మీటర్ల దూరంలో కూర్చుంటే 6 తగ్గుతుంది, స్పీకర్లు రెండు కాబట్టి 3 కలుస్తుంది. అంటే ఒక్కో స్పీకర్‌కు ఒక వాటు ఇస్తే 84. వాట్లు రెట్టింపైన ప్రతిసారీ 3 పెరుగుతుంది కనుక 8 వాట్లకు 93. గోడల నుంచి తిరిగొచ్చే సౌండు ఇంకాస్త కలుపుతుంది. ఇంట్లో హాయిగా వినే సౌండు సుమారు 75. మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడు అది 15 దాకా ఎగిరినా 90 దగ్గర ఆగుతుంది. అంటే సరిపోతుంది. అదే 83 డెసిబెల్స్ స్పీకర్ అయితే 89 దగ్గరే ఆంప్లిఫయర్ చేతులెత్తేస్తుంది. గాత్రం బాగానే వినిపిస్తుంది, తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం మొదలైతే దెబ్బలు నలిగిపోతాయి. ఆ నాలుగు డెసిబెల్స్ తేడాను వాట్లతో పూడ్చాలంటే 8 వాట్లు ఉన్నచోట 20 కావాలి.

మరి చిన్న బాక్సుల్లో సెన్సిటివిటీ ఎందుకు తక్కువ? చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ – ఈ మూడూ ఒకచోట కుదరవు, ఒకదాన్ని వదులుకోవాల్సిందే. బీబీసీ వాళ్లు 1970లలో ప్రసార వ్యాన్ల కోసం తయారుచేసిన ఎల్‌ఎస్3/5ఏ పేరున్న స్పీకరే, గొంతును అంత సహజంగా పలికించేవి అరుదు. కానీ దాని సెన్సిటివిటీ 82, 83. మీ ఆంప్లిఫయర్‌కు అది తగదు. కెఫ్ ఎల్‌ఎస్50 కూడా అంతే. 85 డెసిబెల్స్, పైగా 8 ఓమ్స్ అని రాసినా కొన్ని స్వరాల దగ్గర 3.2కు దిగి ఆంప్లిఫయర్ మీద భారం పెంచుతుంది. క్యూ అకౌస్టిక్స్ 3020ఐ, డాలీ స్పెక్టర్ 2 లాంటివి చూడండి. రెండింటికీ కంపెనీ చెప్పేది 88 డెసిబెల్స్, 6 ఓమ్స్. బేస్ కొంచెం తక్కువగా ఉన్నా ఫర్వాలేదనుకుని సెన్సిటివిటీ ఎక్కువున్నదే ఎంచుకోండి.

కాగితం మీది అంకెలో ఒక మెలిక ఉంది. కొందరు ఒక వాటు అనకుండా 2.83 వోల్టులు అంటారు. 8 ఓమ్స్‌కు రెండూ ఒకటే. 4 ఓమ్స్ స్పీకర్‌కు మాత్రం 2.83 వోల్టులంటే 2 వాట్లు. అలాంటి 88ని 85గా లెక్కేసుకోండి. చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొనే పనైతే మీ ఆంప్లిఫయర్‌ను, అడాప్టర్‌ను వెంట తీసుకెళ్లండి. అంగడిలోని పెద్ద ఆంప్లిఫయర్ మీద విని కొంటే ఇంటికొచ్చాక ఆ సౌండు రాదు.

ప్రశ్న: 4440 ఐసీతో కట్టించిన ఆంప్లిఫయర్ వాడుతున్నాను. నాలుగు నెలల్లో రెండుసార్లు ట్వీటర్లు (హై ఫ్రీక్వెన్సీలు పలికే చిన్న స్పీకర్లు) కాలిపోయాయి. 6 వాట్ల ఆంప్లిఫయర్ 30 వాట్ల ట్వీటర్‌ను ఎలా కాలుస్తుంది?
– గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: తక్కువ వాట్లే కారణం. ఎల్‌ఏ4440 స్టీరియోలో ఒక్కో వైపు ఇచ్చేది 6 వాట్లు. వాల్యూమ్ ఇంకా పెంచితే తరంగం తల కోసేసినట్టు చదునవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అలా కోసుకుపోయిన తరంగంలో అసలు పాటలో లేని హై ఫ్రీక్వెన్సీలు పుడతాయి, అవన్నీ నేరుగా ట్వీటర్‌కే చేరతాయి. దానికి తోడు ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పి ఉంటే వెంట్రుకంత సన్నని వాయిస్ కాయిల్ (ట్వీటర్ లోపలి తీగచుట్ట) ఎంతసేపు ఆగుతుంది? 30 వాట్లన్నది మొత్తం బాక్సుకు, అదీ మామూలు పాటకు చెప్పే లెక్క. ట్వీటర్ ఒక్కటే నికరంగా తట్టుకునేది కొద్ది వాట్లే.

ఇంకొకటి చూడండి. ట్వీటర్‌కు సిరీస్‌లో ఉన్న కెపాసిటర్ ఎంత? 8 ఓమ్స్ ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్ పెడితే సుమారు 4,200 హెర్ట్జ్ పైన మాత్రమే వెళుతుంది. రిపేరులో 10 వేసి ఉంటే 2,000 నుంచే వెళుతుంది, చిన్న ట్వీటర్ దానికి ఓర్చుకోదు. నాన్-పోలార్ లేదా పాలిస్టర్ కెపాసిటరే వేయించండి, ప్లస్ మైనస్ గుర్తులున్న మామూలుది వద్దు. కొత్త ట్వీటర్ బిగించాక ట్రెబుల్ మధ్యలో ఉంచండి, ‘స’, ‘శ’ అక్షరాలు గరగరలాడిన చోటే వాల్యూమ్ ఆపండి. అది చాలదనిపిస్తే 90 డెసిబెల్స్ బాక్సులు వెతుక్కోండి.

ప్రశ్న: 8 ఓమ్స్ అని కొన్న స్పీకర్‌కు మల్టీమీటర్ పెడితే 6 చూపిస్తోంది. మోసపోయానా?
– శ్రీకాళహస్తి

జవాబు: లేదు. మీటర్ చూపేది తీగ నిరోధం మాత్రమే, 8 అన్నది పాట పలికేటప్పుడు ఉండే అడ్డుకు చెప్పే అంకె. 8 ఓమ్స్ స్పీకర్‌కు 5.5 నుంచి 7 దాకా, 4 ఓమ్స్‌కు 3 పైచిలుకు రావడం మామూలే.

ప్రశ్న: అద్దె ఇల్లు, గ్రానైట్ నేల, ఒట్టి గోడలు. కొత్త స్పీకర్లలో బేస్ గుమ్మని మోగుతోంది, మాట స్పష్టంగా లేదు. ఒక్కోసారి బేస్ పూర్తిగా పోయినట్టూ ఉంటుంది.
– కొర్లగుంట, తిరుపతి

జవాబు: రెండు వేర్వేరు తప్పులు కలిసినట్టున్నాయి. గుమ్మనడానికి కారణం మూల. స్పీకర్లను మూలల నుంచి బయటికి లాగండి. వెనక రంధ్రం ఉన్న బాక్సయితే గోడకు కనీసం 25 సెంటీమీటర్లు వదలండి. ట్వీటర్ మీరు కూర్చున్నప్పటి చెవి ఎత్తుకు, అంటే 90 నుంచి 100 సెంటీమీటర్లకు రావాలి. ముందు నేల మీద మందపాటి జంపఖానా, కిటికీలకు బరువైన తెరలు వేస్తే మాట తేటపడుతుంది. స్టీలు బీరువా తలుపు మీద చెయ్యి వేసి చూడండి, చాలా ఇళ్లలో అదరేది స్పీకర్ కాదు, అదే.

బేస్ పోవడం వైర్లు తారుమారైన లక్షణం. ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ మారితే ఒక కోన్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, బేస్ కొట్టుకుపోతుంది, గొంతు నడిమధ్యన నిలవదు. ఆంప్లిఫయర్ నుంచి వైర్లు తీసేసి, 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ను స్పీకర్ ఎర్ర టెర్మినల్‌కు, మైనస్‌ను నల్లదానికి క్షణంపాటు తాకించండి. ఊఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కోన్ ముందుకు కదలాలి. రెండు బాక్సులూ అలా చూసుకుని, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో ఎర్రదాన్ని ఎర్రదానికే బిగించండి. 5 మీటర్ల దూరానికి ఆ వైరు నిరోధం రానూపోనూ 0.12 ఓమ్స్ లోపే, అంతకన్నా ఖరీదైన వైరు అక్కర్లేదు. క్లాస్-డి ఆంప్లిఫయర్ అయితే రెండు స్పీకర్ల నల్ల వైర్లను మాత్రం ఎక్కడా కలపకండి. చాలావాటిలో అవి ఎర్థు కావు, చిప్ కాలిపోతుంది.